తలుపు బరువు

నా పేరు వెర్నా హ్రుష్కా.
ఇరవై రెండేళ్లుగా లింకన్ ఊళ్లో, నెబ్రాస్కా క్యాపిటల్ భవనంలో
నాలుగో తరగతి పిల్లలకి మెట్లూ గోడలూ చూపిస్తున్నాను.
మోకాళ్లకీ పేర్లు పెట్టాను గానీ
పిల్లల ముందు పలికేవి కావు.

ముందు ఉప్పుతో మొదలుపెడతాను.
ఊరికి ఉత్తరాన నేల తెల్లగా పొక్కుతుంది.
ఎప్పుడో ఇంకిపోయిన సముద్రం
తన బాకీ ఇంకా అడుగునుంచి తీరుస్తూనే ఉంది.
ఆ ఉప్పు అమ్ముకుని మేడలు కడదామని వచ్చారు మొదటివాళ్లు.
కాచారు, ఆరబెట్టారు, లెక్కలు రాసుకున్నారు.
లెక్కల పుస్తకాలు మిగిలాయి.
ఊరూ మిగిలింది, ఏం చేస్తాం.

ఉప్పు తిన్న విశ్వాసం ఇప్పటికీ ఉన్నది
ఒక్క పురుగుకే:
వేలిగోరంత టైగర్ బీటిల్.
ఈ చవిటి పర్రల్లో తప్ప లోకంలో ఇంకెక్కడా బతకదు.
ఎంత జోరుగా పరిగెడుతుందంటే
పరుగులో దానికి కళ్లు ఆనవు.
ఆగాలి, చూడాలి, మళ్లీ పరిగెత్తాలి.
ఇక్కడ పిల్లలు నవ్వుతారు,
టీచర్లు గడియారం చూసుకుంటారు.

ఆపైన గోపురం. నాలుగొందల అడుగులు.
కొసన కంచు రైతు,
ఎండకి టోపీ ఉంది, కాళ్లకి చెప్పుల్లేవు.
1930 నుంచి చల్లుతూనే ఉన్నాడు,
ఒక్క గింజా కిందకి రాలేదు.
పిడుగులు మాత్రం తప్పకుండా ఆయన నెత్తినే.
రైతు కదా, అంటాను.
ఈ మాటకి మా రాష్ట్రంలో ఎవరూ నవ్వరు.

శనివారం ఫుట్‌బాల్ ఉంటే
స్టేడియమే రాష్ట్రంలో మూడో పెద్ద నగరం, అంటాను.
అందరూ ఎర్రచొక్కాలే.
రాత్రికి ఆ నగరం ఉండదు,
ఊడ్చేవాళ్లుంటారు.

అక్టోబర్‌లో ఒక మంగళవారం
బస్సు దిగిన పిల్లల్లో హెజ్నా అని ఒకమ్మాయి,
జడ చివర ఆకుపచ్చ రబ్బరు బ్యాండు.
సింజార్ కొండల యజీదీలు
ఈ దేశంలో ఇంకే ఊళ్లోనూ లేనంతమంది
మా ఊళ్లోనే ఉన్నారు.
ఈ ముక్క నా కార్డు మీద లేదు.
నాకు తెలిసింది ఎలాగంటే,
మా వీధి రొట్టెల కొట్టు వాళ్లది.

అన్ని రాష్ట్రాలకీ రెండేసి సభలు, మాకొక్కటే, అన్నాను.
1937లో ఒకటి చాలనుకున్నాం.
పడమటి గదిలో సభ జరుగుతుంది,
దాని అలంకారమంతా సముద్రం దాటొచ్చినవాళ్లది.
తూర్పు గదిని పండగలకీ పెళ్లిమాటలకీ తెరుస్తాం,
దాని అలంకారమంతా అంతకుముందు ఉన్నవాళ్లది.
తలుపు చూడండి, పిల్లలూ.
ఒక్కో రెక్క ఏడొందల యాభై పౌన్లు.

హెజ్నా చెయ్యెత్తింది.
"వాళ్ల గదే ఎందుకు ఖాళీ అయింది?"

కాకతాళీయం, అన్నాను.
ఆ మాట అర్థమేమిటని పక్కవాడు అడిగాడు.
చెప్పాను.
చెబుతుంటే నాకే చప్పగా వినిపించింది.

"వాళ్లిప్పుడు ఎక్కడున్నారు?"
పానీలు, ఓటోలు, పాంకాలు...
ఓక్లహోమాకి పంపేశారు, అన్నాను.
పాంకాలు కొందరు నడిచి వెనక్కి వచ్చారు.
"నడిచా?"
నడిచే.

ఆమె తలుపు దగ్గరకి వెళ్లింది.
వేళ్లు తగిలించకూడదని చెప్పాలి, అది నా ఉద్యోగం.
చెప్పలేదు.
చెక్కలో చెక్కిన ఆడమనిషి పాదం మీద
చెయ్యి ఆన్చి,
వెనక్కి తిరిగి,
"ఒక్కోటి ఎంతన్నారు?" అంది.
ఏడొందల యాభై.
నోటుబుక్కు తీసి కూడి రాసుకుంది: పదిహేనొందలు.
కింద గీత గీసింది.
బస్సు హారన్ కొడితే పరిగెత్తింది.

తర్వాతి బృందానికి ఉప్పు చెప్పాను,
రైతునీ పిడుగునీ చెప్పాను.
పురుగు సంగతి మరిచిపోయాను.
తూర్పు తలుపు దగ్గర
కాసేపు ఆగి ఉండిపోయానని
ఎవరో పిల్లాడు టీచర్‌కి చెబుతున్నాడు.